అద్దానికి మూత

స్నానాల గదిలో టబ్బు ఖాళీ లేదు. అందుకని ఇంట్లో ఎవరికీ స్నానాలు లేవు.

టబ్బు నిండా నీళ్ళు. నీళ్ళ మీద మంచు ముక్కలు. వాటి కింద, ఒకదాన్నొకటి కరుచుకుని పడుకున్న రెండు గుండ్రటి బిళ్ళలు. పైది టెలిస్కోపు అద్దం, పదహారు అంగుళాలది. కిందది దాన్ని నునుపు చేసే బిళ్ళ. దాని మీద తారూ గుగ్గిలమూ కలిపి కాచిన నల్లటి పూత ఉంటుంది. మూడేళ్ళుగా కోడలు ఎర్ర పొడి కలిపిన నీళ్ళు చిలకరించి, అద్దాన్ని ఆ బిళ్ళ మీద రుద్దుతూ, పని అవగానే రెంటినీ విడదీసి వేరువేరుగా పెడుతూ వచ్చింది. ఉద్యోగం పని మీద వారం రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి అద్దం బిళ్ళ మీద ఉంది. పట్టుకుని జరపబోతే కదల్లేదు.

"ఇంకో పళ్ళెం మంచు వేస్తే ఏం పోతుంది?" అన్నాడు ఆమె మొగుడు, గుమ్మంలో నిలబడి. అతను లిఫ్టు మెకానిక్కు. ఏదైనా పట్టేసిందంటే చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవడం అతనికి చేతకాదు.

"అద్దం పోతుంది," అంది కోడలు. "ఒక్కసారిగా చల్లబడితే పగులుతుంది. కొంచెం కొంచెంగానే వెయ్యాలి."

"వేడినీళ్ళు పోద్దామని మొన్ననే చెప్పాను. పట్టేసిన బేరింగు వేడికే ఊడుతుంది."

"ఇది ఇనుము కాదండీ."

"ఇనుమైతే ఈపాటికి ఊడేది."

కోడలు ఒకే ఒక్క మంచు ముక్క తీసి, పసిపిల్ల నోట్లో మందు వేసినంత జాగ్రత్తగా నీళ్ళలో వదిలింది. చలికి పూత బిరుసెక్కితే అద్దాన్ని దానంతటదే వదిలేస్తుంది. తొందరపడితే మాత్రం గాజు వదిలేది ఈ లోకాన్నే.

"అసలు ఇదంతా ఎవరి వల్ల?" అన్నాడు అతను, హాలుకి వినబడేటట్టు.

హాల్లో అత్తగారు బస్టాండులో కూర్చున్నట్టు కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర సూట్‌కేసు, ఒళ్ళో చేతిసంచీ, ఒంటి మీద బూడిదరంగు స్వెట్టరు. రెండు చేతులూ స్వెట్టరు జేబుల్లో ఉన్నాయి. మొన్నటి నుంచి ఆ చేతులు అన్నం తినేటప్పుడు తప్ప బయటికి రావడం లేదు. అదీ గదిలో తలుపు వేసుకుని తింటోంది.

ఆవిడ టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఊరందరి మాటలూ చెవిన పడినా ఒక్కటీ బయటపెట్టని మనిషి. అలాంటావిడ మొన్న తనంతట తాను ఒక మాట ఒప్పుకుంది. "రెండూ నోళ్ళు తెరుచుకుని వేరువేరుగా పడున్నాయి. దుమ్ము పడుతుందని ఒకదాని మీద ఒకటి మూతేశాను," అంది.

ఆ మాట నమ్మడానికి ఇబ్బందేమీ లేదు. ఆ ఇంట్లో మూత లేని గిన్నె ఉండదు. మంచినీళ్ళ గ్లాసుకీ మూతే, చక్కెర డబ్బా మూత మీద ఇంకో మూత. ఆవిడ మొగుడు బతికున్న రోజుల్లో, ఆయన నోటికి తప్ప అన్నిటికీ మూతలు పెట్టిందని ఆయనే నవ్వేవాడట.

కానీ కొడుకు నమ్మలేదు. అద్దం రుద్దే వెనకగది ఒకప్పుడు అమ్మది. రేడియో పెట్టుకుని కూర్చునే గది. అద్దం పని మొదలైనప్పుడు దాన్ని ఖాళీ చేయాల్సొచ్చి ఆవిడ కొన్నాళ్ళు మొహం ముడుచుకుని తిరిగింది. ఆ పాత సంగతి ఇప్పుడు అతనికి గుర్తొచ్చింది. "కావాలనే చేశావు," అన్నాడు తల్లితో.

ఆవిడ చిన్నకొడుక్కి ఫోను చేసి, వచ్చి తీసుకెళ్ళమంది. సాయంత్రం కారుతో వస్తున్నాడు.

"అత్తయ్యా, కాఫీ," అంది కోడలు, గ్లాసు బల్ల మీద పెట్టి.

"అది విడిపోయిందా?"

"ఇంకా లేదు."

"విడిపోయాక తాగుతాను." ఆవిడ కిటికీ వైపు చూస్తూ అంది. "అది పగిలితే ఆ నిందతోనే వెళ్తాను. పగలకపోతే ఉత్త చేతులతో వెళ్తాను. ఏదో ఒకటి తేలకుండా మాత్రం కదలను. చూడకుండా పారిపోయిందని వాడు అనకూడదు."

కోడలు పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. రోజంతా ఎవరివో దవడలు చేతిలో పట్టుకుని, ఎక్కడ గుచ్చుకుంటుందో ఎక్కడ వదులవుతుందో చూసే పని. ఈ ఇంట్లో ఎక్కడ గుచ్చుకుంటోందో తెలుస్తూనే ఉంది. అరగదీసి సరిచేసే ఉపాయమే తోచలేదు.

ఆమె వెనక్కి వెళ్ళి, నీళ్ళలో చేతులు పెట్టింది. వేళ్ళు మొద్దుబారాయి. చెక్క దిమ్మతో కింది బిళ్ళ అంచు మీద మెల్లగా తట్టింది. ఆగింది. పక్కకి తిప్పి మళ్ళీ తట్టింది.

"గట్టిగా కొట్టు," అన్నాడు మొగుడు.

"మీరు కాసేపు మాట్లాడకండి."

ఇంకోసారి తట్టింది. నీళ్ళ అడుగున టప్పుమని ఒక చిన్న చప్పుడైంది, వేలి మెటిక విరిచినంత చప్పుడు.

అద్దం పగిలిన చప్పుడా, పూత వదిలిన చప్పుడా వాళ్ళిద్దరికీ తెలియలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హాల్లో మాత్రం అత్తగారు లేచి నిలబడింది.

"వచ్చేసింది," అంది ఆవిడ అక్కడినుంచే.

కోడలు అద్దాన్ని పక్కకి తోసింది. జారింది. ఎక్కడా పట్టు లేకుండా, వెన్న మీద చాకులా జారింది. ఇద్దరూ కలిసి దాన్ని పైకెత్తి దుప్పటి మీద పెట్టారు. అంచు చుట్టూ వేలితో తడిమింది. పగులు లేదు. చిన్న పెచ్చు కూడా ఊడలేదు. ఆమెకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఏది ముందో తేల్చుకోకుండా ముక్కు తుడుచుకుంది.

తుడుచుకుంటూ ఆగిపోయింది.

అద్దం మీద ఎర్రటి బురద పేరుకుని ఉంది. టబ్బులో నానినా అంచుల దగ్గర తప్ప పోలేదు. ఊరెళ్ళేముందు తను రెంటినీ శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, గుడ్డ కప్పి మరీ వెళ్ళింది. ఆరిన దాని మీద ఆరిన దాన్ని మూతేస్తే, మధ్యలోకి తడి ఎర్ర పొడి ఎలా వచ్చింది?

హాల్లోకి తొంగిచూసింది. అత్తగారు కాఫీ తాగుతోంది. గ్లాసు పట్టుకున్న చెయ్యి స్వెట్టరు చేతిలోకి సగం లాక్కుని ఉంది.

కోడలు మొగుడితో ఏమీ అనలేదు.

* * *

అద్దాన్ని వెంటనే పరీక్షించడానికి వీల్లేదు. చన్నీళ్ళలోంచి వచ్చిన గాజు గది వేడికి అలవాటు పడేదాకా దాని ఆకారం నమ్మకూడదు. కాబట్టి ఇల్లంతా ఎదురుచూసింది. మొగుడు స్నానం చేసి, ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారని ఫోనొస్తే వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ సూట్‌కేసు వంక చూశాడు. తల్లి వంక చూడలేదు. ఆవిడా చూడలేదు. ఇద్దరిదీ ఒకే పోలిక, ఒకే మంకుపట్టు.

పొద్దు వాలుతుండగా కోడలు కిటికీలకి నల్లగుడ్డలు కట్టింది. వెనకగదిలో స్టాండు మీద అద్దాన్ని నిలబెట్టి, నడవా ఈ చివర స్టూలు మీద చిన్న దీపం, దాని ముందు బ్లేడు బిగించింది. సూదిబెజ్జమంత వెలుగు నడవా దాటి వెళ్ళి, అద్దాన్ని తాకి, తిరిగి వచ్చి బ్లేడు అంచు దగ్గర ఒక చుక్కగా చేరుతుంది. ఆ చుక్కని బ్లేడుతో కోస్తూ చూస్తే అద్దం మీద ఎత్తుపల్లాలన్నీ నీడలై కనబడతాయి. ఒక వెంట్రుకని నిలువునా వెయ్యి పోగులు చీలిస్తే, అందులో ఒక పోగంత ఎత్తు కూడా దాగలేదు. మనిషి చేత్తో, ఎర్రమట్టిలాంటి పొడితో, మామూలు ఇంట్లో ఇంత నునుపు సాధ్యమవుతుందని ఆమెకి ఇప్పటికీ పూర్తిగా నమ్మకం కుదరలేదు. నమ్మకం లేకపోయినా చేస్తూనే ఉంది.

కన్ను ఆనించి చూసింది. చాలాసేపు చూసింది. బ్లేడు జరిపి మళ్ళీ చూసింది.

తర్వాత హాల్లోకి వచ్చి, "అత్తయ్యా, ఒక్కసారి ఇలా వస్తారా?" అంది.

"నేనెందుకు? మళ్ళీ ఏదైనా అతుక్కుంటే నా నెత్తికే వస్తుంది."

"నాకోసం రండి."

ఆవిడ వచ్చి, చీకట్లో తడుముకుంటూ స్టూలు పక్కన కుర్చీలో కూర్చుంది. కోడలు చెప్పినచోట కన్ను పెట్టింది.

"ఏదో బూడిదరంగు పళ్ళెంలా వెలుగుతోంది."

"అదే అద్దం. దాని మధ్యలో ఏమైనా కనబడుతోందా?"

"ఏమీ లేదే."

"అవును, ఏమీ లేదు. నెల రోజుల నుంచి అక్కడొక గుట్ట ఉండేది. ఎంత రుద్దినా పోయేది కాదు. అది ఉంటే చుక్కలు చుక్కల్లా కనబడవు, దూది పింజల్లా కనబడతాయి. ఊరెళ్ళే ముందురోజు కూడా చూసుకుని ఏడ్చాను. ఇప్పుడది లేదు." కోడలు గొంతు తగ్గించింది. "మూత పెడితే గుట్ట పోతుందా అత్తయ్యా?"

"మంచునీళ్ళలో నానింది కదా. కరిగిందేమో."

కోడలు నవ్వలేదు. "అక్కడికి వెళ్ళి, అద్దం మీద మీ బొటనవేలు కాసేపు ఆనించి రండి."

"నేనా? ముట్టుకోవచ్చా?"

"ఇప్పుడు అడుగుతున్నారా?"

అత్తగారు లేచి వెళ్ళింది. అద్దం మీద వేలు పెట్టింది. కోడలు చాలన్నాక తిరిగొచ్చి మళ్ళీ కన్ను ఆనించింది.

"ఓసి!"

వేలు పెట్టినచోట అద్దం ఉబ్బింది. నున్నటి మైదానం మధ్య కొండ లేచినట్టు, ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ.

"అదేంటే అది? నేను పాడుచేశానా?"

"లేదు. అది మీ వేలి వేడి. ఆ వేడికి గాజు అంత పొంగింది. చూస్తూ ఉండండి, తగ్గిపోతుంది."

ఆవిడ చూస్తూ ఉండిపోయింది. తన ఒంటి వెచ్చదనం ఒక కొండై అక్కడ నిలబడి ఉంది. చూస్తుండగానే మెల్లగా కుంగిపోతోంది. ఎవరో పడుకుని లేచాక పరుపు మళ్ళీ తన రూపుకి వచ్చినట్టు, అద్దం తన రూపుకి తను వస్తోంది.

"ఉత్త వేలికే ఇంతా?" అంది ఆవిడ. గొంతు మారిపోయింది. "మరి నేను... అన్ని గంటలు..."

ఆపేసింది. కానీ మాట బయటికి వచ్చేసింది.

కోడలు చేతిలో చిన్న టార్చి వెలిగింది. అత్తగారి చేతులు ఒళ్ళో ఉన్నాయి. జేబుల్లో దాచుకోవడం మర్చిపోయింది. గోళ్ళ సందుల్లో ఎర్రగా ఉంది. ఎంత తోమినా పోని ఎరుపు. మూడేళ్ళ నుంచి కోడలి గోళ్ళకీ అదే రంగు. ల్యాబులో అందరూ గోరింటాకా అని ఏడిపిస్తారు.

"ఎన్నాళ్ళు?" అంది కోడలు.

"నువ్వు లేనన్నాళ్ళూ."

కోడలికి ముందు కోపమే వచ్చింది. "ఒక్క ఇసుక రేణువు పడి ఉంటే? ఒక్కటి! గీత పడేది. మూడేళ్ళ కష్టం మళ్ళీ మొదటికొచ్చేది. మీకేమైనా తెలుసా?"

"తెలుసు. చేతులు కడుక్కున్నాను. నువ్వు ఎన్నిసార్లు కడుక్కుంటావో అన్నిసార్లూ కడుక్కున్నాను. స్వెట్టరు బయటే విప్పేసి వెళ్ళాను. కుళాయి చప్పుడు కూడా గోడ అవతలికి వినబడుతుంది, అమ్మాయ్."

"అసలు ఎందుకు?"

ఆవిడ దీపం వంక చూస్తూ మొదలుపెట్టింది. "మొదట్లో ఆ రుద్దుడు చప్పుడుకి నాకు నిద్ర పట్టేది కాదు. తర్వాత అది వినబడితే గాని పట్టేది కాదు. నువ్వు ఊరెళ్ళావు. ఇల్లంతా లైను చచ్చిపోయినట్టైంది. మధ్యాహ్నం ఒక్కదాన్నే ఉండేదాన్ని. ఆ చప్పుడు వినాలనిపించింది. అంతే. వెళ్ళి కూర్చున్నాను."

"మరి ఎలా రుద్దాలో..."

"నువ్వు పొడుగ్గా తోస్తే ఒక చప్పుడు, పొట్టిగా తోస్తే ఇంకొకటి. ఈమధ్య అన్నీ పొట్టిగా తోస్తున్నావు. భయపడుతూ తోస్తున్నావు. ముందు అలా ఉండేది కాదు. ఆ పాత చప్పుడే నాకు అలవాటు. అది వచ్చేదాకా తోశాను. నీ గుట్ట సంగతి నాకేం తెలుసు?"

కోడలు గోడకి ఆనుకుంది. నిజమే. గుట్ట కనబడినప్పటి నుంచి చెయ్యి సాగడం లేదు. అద్దం నడుమ లోతు కావాలంటే పొడుగ్గా తోయాలని తెలిసి కూడా, ఎక్కువైపోతుందేమోనన్న భయంతో అంగుళం అంగుళం లెక్కన రుద్దుతూ వచ్చింది. ఆ భయం గోడ అవతల ఒక మనిషికి వినబడుతోందని ఆమెకి తెలియదు. మొగుడికైనా తెలియని భయం అది. కోపం ఎటు పోయిందో పోయింది. ఆ చీకటి నడవాలో, ఈ ముసలి చెవులని తలుచుకుంటే ఆమెకి మొక్కాలనిపించింది.

"రోజూ విడదీసే వచ్చారు కదా? ఆఖరిరోజు ఏమైంది?"

"బెల్లు మోగింది."

"ఎవరు?"

"ఇంకెవరు, నీ మొగుడే. తాళం చెవి మర్చిపోయి పెందలాడే వచ్చాడు. దొంగలా దొరికిపోతానని గాభరాపడి లేచాను. స్వెట్టరు తొడుక్కుని, చేతులు జేబుల్లో పెట్టుకుని తలుపు తీశాను. ఇక వాడు ఇల్లు కదల్లేదు. మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళడానికి వీలు చిక్కలేదు."

"ఈ మాట ఆయనకి చెప్తే సరిపోయేది కదా!"

"వాడు అడిగాడా? అడిగితే చెప్పేదాన్ని. కావాలనే చేశావన్నాడు. అలా అనేశాక ఇంక చెప్పడానికి ఏముంటుంది?" ఆవిడ చేతులు మళ్ళీ జేబుల్లోకి వెళ్ళాయి. "నువ్వూ చెప్పకు. తను కొట్టిన బెల్లు వల్లే ఇదంతా అయిందని తెలిస్తే వాడు జన్మంతా కుమిలిపోతాడు. వాళ్ళ నాన్న పోలిక. నేను వెళ్ళిపోతే నాలుగు రోజులు కోపంగా ఉంటాడు. కోపం తగ్గుతుంది. ఆ బాధ తగ్గదు."

కింద వీధిలో కారు ఆగిన చప్పుడైంది.

"చిన్నాడు వచ్చేశాడు," అంది ఆవిడ, చూడకుండానే.

* * *

చిన్నకొడుకు వచ్చీ రాగానే సూట్‌కేసు అందుకున్నాడు. "కారు అడ్డంగా పెట్టి వచ్చాను వదినా. తొందరగా తెమలాలి. అన్నయ్యేడీ?"

అన్నయ్య మెట్ల మీదే ఎదురయ్యాడు. తమ్ముడి చేతిలో సూట్‌కేసు చూసి పక్కకి తప్పుకుని దారిచ్చాడు. ఆ దారివ్వడంలో ఉన్న పంతం చూసి కోడలికి ఒళ్ళు మండింది.

"ఏవండీ, అద్దం పైకి తీసుకెళ్ళాలి. సాయం పట్టండి."

"పైకా? ఇప్పుడా? దానికి లోహపు పూత వెయ్యించలేదు కదా. ఉత్త గాజు. ఏం కనబడుతుంది?"

"ఉత్త గాజే. వచ్చిన వెలుగులో చాలా మట్టుకు గాజు దాటి అవతలికి పోతుంది, రవ్వంతే తిరిగొస్తుంది. చంద్రుడికి ఆ మాత్రం చాలు."

"రేపు చూద్దాంలే."

"రేపు అత్తయ్య ఉండరు," అంది ఆమె.

అతను దుప్పటికి ఒక పక్క పట్టుకున్నాడు.

డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన టెలిస్కోపు గొట్టం ఎప్పటినుంచో అద్దం కోసం కాచుక్కూర్చుంది. ప్లైవుడ్డుతో, అల్యూమినియం కడ్డీలతో అతనే కట్టాడు. అడుగున పాత లిఫ్టు తలుపుల రోలర్లు బిగించాడు. మనిషికంటే పొడవైన ఆ వస్తువు చిటికెన వేలితో తోస్తే చాలు, చప్పుడు లేకుండా తిరుగుతుంది. భార్య మీద ప్రేమని అతను నోటితో చెప్పిన పాపాన పోలేదు. ఆ రోలర్లు చూస్తే మాత్రం తెలుస్తుంది.

అద్దాన్ని అడుగున అమర్చి మరలు బిగించేసరికి పొద్దు గూకింది. పడమర ఇంకా ఎర్రగానే ఉంది. నడినెత్తిన సగం చంద్రుడు. గొట్టం దాదాపు నిటారుగా లేచింది. కన్ను పెట్టే చోటు ఎత్తున ఉంది కాబట్టి నిచ్చెన వేశారు.

"ఎక్కు," అన్నాడు అతను భార్యతో. "మొదటి చూపు నీదే కదా."

టెలిస్కోపులు కట్టుకునేవాళ్ళ లోకంలో అదొక ఆచారం. అద్దం ఎవరి చేతుల్లో తయారైందో, మొదటి చూపు వాళ్ళది. ఎంతటి పెద్దమనిషి వచ్చినా తర్వాతే. మూడేళ్ళలో ఎన్ని సాయంత్రాలు ఆ ఒక్క చూపు కోసం కలలు కన్నదో కోడలికే తెలుసు.

"అవును. రుద్దినవాళ్ళదే," అంది ఆమె. "అందుకే అత్తయ్యని పిలిచాను."

అతను ఆ మాటకి మొహం చిట్లించాడు. అత్తగారు కోడలి వైపు కొరకొరా చూసింది. చూసి, నిచ్చెన మీద కాలు పెట్టింది.

"మోకాళ్ళు జాగ్రత్త," అన్నాడు అతను, అప్రయత్నంగా. మొన్నటి నుంచి తల్లితో అతను అన్న మొదటి మాట. ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని, రెండో చేత్తో ఆవిడ పాదాల కోసం మెట్ల మీద టార్చి వేశాడు.

"పైన గుండ్రటి మర ఉంటుంది. మెల్లగా తిప్పండి అత్తయ్యా. రేడియో స్టేషను కలిపినట్టు."

"అంతా మసగ్గా ఉంది. తెల్లగా... తెల్లగా... ఆఁ."

కింద నిలబడ్డ ఇద్దరూ తలెత్తి చూశారు. ఆవిడ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కంటి మీద పడిన వెన్నెల చెంప మీదికి జారి మెరుస్తోంది. అద్దం పనిచేస్తోందా లేదా?

"అత్తయ్యా? ఏం కనబడుతోంది?"

"గుంటలు," అంది ఆవిడ, గుళ్ళో మాట్లాడినంత మెల్లగా. "గుంటలో గుంట. ఆ గుంట మధ్యలో ఒక కొండ. దాని నీడ కూడా కనబడుతోందే. ఎంత పదునుగా ఉందో, ఎవరో ఇప్పుడే కత్తిరించి పెట్టినట్టు... వెలుగు అయిపోయినచోట, అవతల చీకట్లో విడివిడిగా చుక్కలు వెలుగుతున్నాయి. ఎవరైనా దీపాలు పెట్టారా?"

"కొండ కొనలు అత్తయ్యా. అక్కడ ఇప్పుడే తెల్లారుతోంది. ఎండ ముందు కొనలకి తగులుతుంది. కింద ఇంకా చీకటే."

"అక్కడ తెల్లారుతోందా! ఇక్కడ పొద్దు గూకుతుంటే?"

"అవును."

"నేను చూస్తుండగానే?"

"మీరు చూస్తుండగానే."

కోడలి కళ్ళు చెమర్చాయి. నీడలు పదునుగా ఉన్నాయంది ఆవిడ. అంటే అద్దం సరిగ్గా వచ్చింది. తను ఇంకా చూడనే లేదు. అయినా ఆ మాట విన్నాక చూసినంత అయింది.

"అయ్యో, జారిపోతోంది," అంది అత్తగారు ఉన్నట్టుండి. "పక్కకి వెళ్ళిపోతోంది. ఎవరు తోస్తున్నారు?"

"ఎవరూ తోయడం లేదు. మనమే తిరుగుతున్నాం. భూమి తిరుగుతోంది కదా, అందుకని అది జారినట్టు ఉంటుంది."

ఆవిడ గబుక్కున ఒక చేత్తో నిచ్చెన పట్టుకుంది. "ఇంత వేగంగానా? ఇంతసేపూ ఇలా తిరుగుతూనే ఉన్నామా?"

"పుట్టినప్పటి నుంచీ."

"ఎవరూ చెప్పలేదేం నాకు?"

"బళ్ళో చెప్పే ఉంటారు."

"చెప్పడం వేరు," అంది ఆవిడ. కన్ను తియ్యకుండానే రెండో చేత్తో గొట్టాన్ని తాకి, రెండు వేళ్ళతో పొడుగ్గా, భయం లేకుండా తోసింది. రోలర్లు కదిలాయి. చంద్రుడు మళ్ళీ ఆవిడ కంట్లోకి వచ్చి ఉండాలి, ఎందుకంటే ఆవిడ నవ్వింది. ఆ నవ్వు కోడలు ఈ ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

కింద వీధిలో కారు హారను మోగింది. ఆగి, మళ్ళీ మోగింది.

"అమ్మా! పోలీసు వస్తున్నాడు, కారు తియ్యాలి!" చిన్నకొడుకు కేక.

"వాణ్ణి కాసేపు లైనులో ఉండమను," అంది ఆవిడ.

నిచ్చెన పట్టుకున్న కొడుకు నవ్వబోయాడు. నవ్వబోయి ఆగిపోయాడు. తల్లి చెయ్యి సరిగ్గా అతని మొహం ముందు ఉంది. మెట్టుని గట్టిగా పట్టుకున్న అయిదు వేళ్ళు, వాటి మీద టార్చి వెలుగు. గోళ్ళ సందుల్లో ఎర్రగా ఉంది.

ఆ రంగు అతనికి తెలుసు. మూడేళ్ళుగా కంచం దగ్గర, దుప్పటి మీద, తన చొక్కా గుండీల మీద చూస్తున్న రంగు అది. భార్య వైపు చూశాడు. ఆమె ట్యాంకు వైపు తిరిగిపోయింది. రుద్దినవాళ్ళదే మొదటి చూపు అని ఆమె ఇందాక అన్న మాట చెవుల్లో మోగింది. దాని వెనకే ఇంకొకటి మోగింది. మొన్న తను తాళం చెవి మర్చిపోయి కొట్టిన బెల్లు. ఎంతసేపటికీ తలుపు తియ్యకపోతే విసుక్కుంటూ మళ్ళీ మళ్ళీ కొట్టిన బెల్లు. తలుపు తీసిన అమ్మ చేతులు జేబుల్లో ఉన్నాయి.

"అమ్మా," అన్నాడు. "ఆ రోజు నేను బెల్లు కొట్టినప్పుడు... నువ్వు ఏ గదిలో ఉన్నావు?"

కింద హారను మోగుతూనే ఉంది. ఆవిడ కన్ను తియ్యలేదు.

"మాట్లాడకు," అంది. "నిచ్చెన వణుకుతోంది."